ఉమ్మడి స్టైల్ లైబ్రరీలు: తెలుగు లిపి దృష్టితో ఒక పరిశీలన

ఫిగ్మా వంటి ఇంటర్‌ఫేస్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో బటన్‌ను ఒకసారి రూపొందించి కాంపొనెంట్‌గా భద్రపరుస్తారు. అవసరమైన ప్రతి తెరపైనా దాని నకలును ఉంచుతారు. మూల కాంపొనెంట్‌ను సవరిస్తే నకళ్లు కూడా మారతాయి. ఫాంటు, అక్షర పరిమాణం, పంక్తి ఎత్తు వంటి నిర్ణయాలను స్టైల్ లైబ్రరీ ద్వారా బృందమంతా పంచుకుంటుంది. శ్రమ తగ్గడం, ఏకరూపత రావడం ఈ పద్ధతిలోని గుణాలు.

అయితే మేలు వ్యాపించే దారిలోనే లోపమూ వ్యాపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల కొలతతో ఎత్తు బిగించిన బటన్‌లో ‘రాష్ట్రం’ అని రాస్తే, కింది ఒత్తులు అంచు దగ్గర తెగిపోవచ్చు. నకలు ఉన్న ప్రతి తెరపైనా అదే లోపం కనిపిస్తుంది. 2014లో గూగుల్ ప్రకటించిన మెటీరియల్ డిజైన్, తన మార్గదర్శకాల్లో తెలుగును ఎక్కువ పంక్తి ఎత్తు కావలసిన లిపుల వర్గంలో చేర్చింది. అంటే ఈ సమస్య తెలియనిది కాదు.

కొందరు నకలును మూలం నుంచి విడదీసి సరిచేస్తారు. ఆ తెర బాగుపడుతుంది గాని, మూలంలో తర్వాత చేసే సవరణలు దానికి అందవు. దిద్దుబాటు మూలంలోనే జరగాలి: పంక్తి ఎత్తు పెంచాలి, బటన్ ఎత్తు అక్షరాలను బట్టి పెరిగేటట్లు అమర్చాలి.

ఒక లైబ్రరీని అంచనా వేసేటప్పుడు విద్యార్థులు మొదట వేయవలసిన ప్రశ్న ఇది: దీన్ని ఏ లిపితో పరీక్షించారు?