కొండగాలిలో గ్లైడింగ్

గ్లైడర్‌కు ఇంజన్ ఉండదు. గాలిలో అది నిరంతరం కిందికి జారుతూనే ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి అంతకన్నా వేగంగా పైకి లేస్తేనే దాని ఎత్తు పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న లాంగ్ మిండ్ కొండకు 1934లో మిడ్‌లాండ్ గ్లైడింగ్ క్లబ్ చేరింది ఈ పైకి లేచే గాలి కోసమే. ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా సాగిన ఆ కొండకు పడమటి గాలి అడ్డంగా తగిలి, వాలు వెంబడి పైకెక్కుతుంది. మిగతా చోట్ల విమానాలను షెడ్డులోనే ఉంచే ఈదురుగాలి ఇక్కడ పనికొస్తుంది.

అలాంటి రోజున అసలు కష్టం నేలమీదే మొదలవుతుంది. శిక్షణకు వాడే ఏఎస్‌కే 21 రకం గ్లైడర్ రెక్కల నిడివి 17 మీటర్లు, ఖాళీ బరువు సుమారు 360 కిలోలు. గంటకు 65 కిలోమీటర్ల వేగంలోనే గాలిలో నిలవగలిగేలా చేసిన రెక్క కాబట్టి, అంత జోరున విసిరిన గాలి నిలబెట్టిన చోటే దాన్ని లేపేయగలదు. అందుకే గాలి వచ్చే వైపు రెక్కను కిందికి వంచి, దానిమీద టైర్లు బరువుగా పెడతారు. తోసుకెళ్లేటప్పుడు కూడా రెక్క చివర ఒక మనిషి పట్టు వదలకూడదు.

మామూలుగా వించ్ కేబుల్‌తో లాగి పైకి పంపుతారు. పడమటి గాలి గట్టిగా ఉంటే లాంగ్ మిండ్‌లో పాత పద్ధతి బయటికొస్తుంది. జర్మనీలోని వాసర్‌కుప్పె కొండమీద 1920లలో గ్లైడర్లను ఎగరేసిన పద్ధతి అది. ముక్కుకు తగిలించిన రబ్బరు తాడును రెండు జట్లు చెరో పాయ పట్టుకొని వాలు వైపు లాగుతాయి. వెనక కొందరు తోకను పట్టి ఆపుతారు. మొదట నడక, తర్వాత పరుగు. తాడు బాగా సాగాక తోక వదిలేస్తారు. ఎదురుగాలి రెక్కకు కావలసిన వేగాన్ని ముందే చాలావరకు ఇచ్చి ఉంటుంది కనుక గ్లైడర్ కొద్ది మీటర్లలోనే నేల విడిచి, కొండ అంచు దాటగానే పైకి లేచే గాలిలో పడుతుంది. ఇంధనం చుక్క ఖర్చు కాదు. ఒక్కరిని ఎగరేయడానికి క్లబ్బంతా పరుగెత్తాల్సిన ఈ పద్ధతిని ఇంకా నిలుపుకోవడం ఎంతో మెచ్చదగ్గ పని.

పైకి వెళ్లాక పైలట్ ముక్కును గాలి వైపు కొంత తిప్పి ఉంచుతూ కొండ వెంట పక్కవాటుగా సాగుతాడు. లేకపోతే గాలి కొండ వెనక్కి నెట్టేస్తుంది. అక్కడ గాలి కిందికి విరుచుకుపడుతూ సుడులు తిరుగుతుంది. ఏ మలుపైనా కొండకు ఎడంగానే తీసుకోవాలి. ఎదురెదురుగా వచ్చినప్పుడు కొండ కుడివైపున ఉన్న గ్లైడర్‌కు దారి వదలాలి. వాలుకు దగ్గరయ్యేకొద్దీ వేగం పెంచుకోవాలి. గాలి విసురు తగ్గిన క్షణంలో కాపాడేది ఆ అదనపు వేగమే.

దిగడం ఇంకా కష్టం. నేల దగ్గరకొచ్చేకొద్దీ గాలి మందగిస్తుంది, దానితోపాటు రెక్కమీది వేగమూ పడిపోతుంది. అందుకే గాలి వేగంలో సగాన్ని మామూలు వేగానికి కలుపుకుంటారు: గాలి లేనప్పుడు గంటకు 90 కిలోమీటర్లతో దిగేవారు, 40 కిలోమీటర్ల ఎదురుగాలిలో 110తో వస్తారు. చివరి మలుపు మైదానానికి దగ్గరగా తీసుకుంటారు. దూరం పోతే ఎదురుగాలిలో తిరిగి చేరుకోలేరు. ఆగాక కూడా పైలట్ దిగకుండా ఎయిర్‌బ్రేకులు తెరిచి ఉంచి, సాయం వచ్చి రెక్క పట్టుకునేదాకా తన బరువుతో గ్లైడర్‌ను అదిమి ఉంచుతాడు.

ఎగరడం ఎప్పుడు ఆపాలో ఆ రోజు బాధ్యత ఉన్న ఇన్‌స్ట్రక్టర్ నిర్ణయిస్తారు. సగటు గాలి ఎంతన్నది ఒక్కటే చూస్తే చాలదు. విసురుకూ విసురుకూ మధ్య తేడా ఎంత ఉందో, గాలి వాలుకు అడ్డంగానే వస్తోందో పక్కకు తిరుగుతోందో కూడా గమనిస్తారు.