చీర యను పదము

పౌరుషహీనుడని యొకని నిందింప దలచినపుడు “చీర కట్టుకొని గాజులు తొడుగుకొనుము” అనిపించుట మన నాటకములందును, కథలందును, చలనచిత్రములందును పరిపాటి యైనది. ఇది పాత్రోచితమైన పలుకుబడి యని రచయితలు సమర్థింతురు. దుష్టపాత్ర పలికిన మాటకు రచయిత బాధ్యుడు కాడనుట నిజమే. కాని నాయకుని నోట దానిని పలికించి ప్రేక్షకులచేత చప్పట్లు కొట్టించునపుడు ఆ బాధ్యత తప్పదు. ఇందలి దోషము నీతికి మాత్రమే గాక భాషకును చెందినది.

సంస్కృతమున చీరశబ్దమునకు నారబట్ట, వస్త్రఖండము, జీర్ణవస్త్రము అని యర్థములు. అది మునులు ధరించునది. ‘నారచీర’ యని తెలుగున నేటికిని వాడుచున్నాము. రామాయణమున అయోధ్యాకాండలో కైక యిచ్చిన చీరములను రామలక్ష్మణులు వెంటనే ధరించిరి. సీత మాత్రము కట్టుకొన నెఱుగక సిగ్గుతో నిలిచిపోగా, రాముడే యామె పట్టుబట్టపై దానిని కట్టెను. ఆ ఘట్టమున చీర కట్ట నేర్చినవాడు పురుషుడు, నేరనిది స్త్రీ!

చీరయు హిందీవారి సాడీయు ఒకే పదమని కొందఱందురు. అది ధ్వనిసామ్యమువలన కలిగిన భ్రమ. సాడీ సంస్కృత శాటీశబ్దమునుండి పుట్టినది. ఇంగ్లీషువారి ‘సారీ’ దానినుండి వెళ్లినదే. మన చీరకు తోబుట్టువు కన్నడమువారి ‘సీరె’. ఇక శాటీకి దగ్గఱి చుట్టమైన శాటకశబ్దమును చూడుడు. నూలు చూపి శాటకము నేయుమనుటలోని చిక్కును పతంజలి మహాభాష్యమున చర్చించెను. అచట శాటక మనగా నేతబట్టయే. కట్టువారు స్త్రీలా, పురుషులా యను విచారమే లేదు.

సామాన్యార్థము గల పదము విశేషార్థమున నిలిచిపోవుటను అర్థసంకోచ మందురు. ఇంగ్లీషున ‘డీర్’ ఒకప్పుడు జంతుమాత్రమునకు పేరు. నేడు జింకకే చెల్లుచున్నది. అట్లే చీరయు స్త్రీల వస్త్రమునకే పేరైనది. ఇందు తప్పేమియు లేదు. స్త్రీలది యైనంతమాత్రమున అది యవమానచిహ్న మగుటయే తప్పు. ఆ యర్థము శబ్దమున లేదు. పలుకువాని మనస్సున నున్నది.

చీర కట్టినవారు పిఱికివారా? చీర యెగదోపి, మోకాలిలోతు బురదలో నడుము వంచి నాట్లు వేయు స్త్రీల కష్టమే మన కంచములోని యన్నము. 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెఱసాల కేగిన దుర్గాబాయి కట్టినదియు చీరయే. తల్లి చీరకొంగు పట్టుకొని నడక నేర్చిన బాలుడు, కొంత పెరిగినపిదప ఆ చీరనే తిట్టుగా వినుచున్నాడు. విని, తానును అనుచున్నాడు. ఆ మాట యింటిలో వినబడినపుడు పెద్దలు నవ్వి యూరకుండరాదు. నారచీర కట్టి యడవికి నడచినవా డెవడో ఆ బాలుని నడుగవలయును.