తీగల మీద బంతి

టెన్నిస్ బంతి రాకెట్ తీగలను అంటుకుని ఉండే సమయం సుమారు 5 మిల్లీసెకన్లు. సెకనుకు 10 ఫొటోలు తీసే కెమెరాలో ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ మధ్య ఎడం 100 మిల్లీసెకన్లు. కాబట్టి బటన్ నొక్కిపట్టి ఇరవై షాట్లు తీస్తే ఒక్కదానిలో, అదీ రోజు బాగుంటే, బంతి తీగల మీద చిక్కుతుంది. కెమెరా ఖరీదు పెరిగితే ఈ లెక్క కాస్త మెరుగుపడుతుందంతే. గ్యాలరీలో టికెట్ కొనుక్కుని కూర్చున్నవాడికి ప్రెస్ పాసు లేదు, కోర్టు అంచున నేల మీద చతికిలబడే హక్కు లేదు, చేతి పొడవు లెన్సు అసలే లేదు. అతనికున్న పెట్టుబడి ఒక్కటే: ఆట చూసి చూసి పట్టుబడిన లయ.

విశాఖలో మా గోపాలపట్నం వైపు వాళ్లకు టెన్నిస్ ఎక్కువగా టీవీలో చూసే ఆటే. ఎన్‌ఏడీ కూడలి దాటి ఊళ్లోకి వెళ్తే కోర్టులున్నాయి, 1883లో మొదలైన వాల్తేరు క్లబ్బు లాంటి పాత చోట్లున్నాయి. పేరు మోసిన ఆటగాళ్లను కళ్లారా చూడాలంటే మాత్రం రాత్రి రైలెక్కాలి. 1997 నుంచి 2017 దాకా ఒక పండగ ఉండేది, తర్వాతి ఏళ్లలో సంక్రాంతికి ముందే: చెన్నై నుంగంబాక్కం స్టేడియంలో ఏటీపీ టోర్నీ. వావ్రింకా నాలుగుసార్లు గెలిచింది అక్కడే. 2018లో అది పుణెకు తరలిపోయింది. హైదరాబాద్‌లో 2005 ఫిబ్రవరి 12న సానియా మీర్జా మూడు సెట్లలో అల్యోనా బొండరెంకోను ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలైంది. అప్పటికి డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలు వచ్చినా సామాన్యుడి చేతికి ఇంకా పూర్తిగా రాలేదు. రీలు కెమెరాలో 36 ఫొటోలు, ఆపైన కడిగించే ఖర్చు. రీలు మీద తీసినవాళ్లకు వేలు ఎప్పుడు కదపాలో నేర్చుకోక తప్పేది కాదు. 2023 మార్చి 5న ఎల్బీ స్టేడియంలో సానియా వీడ్కోలు ఆట నాటికి ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. సౌకర్యం పెరిగింది గానీ, ఫొటోలు ఆ మేరకు బాగుపడ్డాయని నేననుకోను.

ముందుగా తేల్చుకోవాల్సింది కెమెరా సంగతి కాదు, ఎక్కడ కూర్చోవాలన్నది. టెన్నిస్ కోర్టులను సాధారణంగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు, ఎండ ఆటగాళ్ల కళ్లలో పడకుండా. కాబట్టి పొద్దుటి వెలుతురు ఒక పక్క నుంచి, సాయంత్రపు వెలుతురు రెండో పక్క నుంచి వస్తుంది. ఉదయం తూర్పు వైపు కూర్చుంటే సూర్యుడు మన వీపు మీద, వెలుతురు ఆటగాడి ముఖం మీద. ఇక్కడే ఇంకో లాభం ఉంది. కుడిచేతి వాటం ఆటగాడు దక్షిణం కొసలో నిలబడి ఉత్తరానికి చూస్తుంటే అతని కుడిచేయి తూర్పు వైపు, అంటే మన వైపు. ఫోర్‌హ్యాండ్ కొట్టడానికి ఒళ్లు తిప్పినప్పుడు ఛాతీ, ముఖం, రాకెట్, బంతి నాలుగూ మనకే కనిపిస్తాయి. అతను కొస మారితే బ్యాక్‌హ్యాండ్ మన వంతు. సీటు మారక్కర్లేదు, ఆటగాళ్లే మారతారు. నడాల్ లాంటి ఎడమచేతి వాటం వాళ్లకు ఈ లెక్కంతా తిరగబడుతుంది. మధ్యాహ్నం పన్నెండింటి మ్యాచ్‌లంటే నాకు పడదు. టోపీ అంచు కింద ముఖాలు నల్లబారతాయి. అలాంటప్పుడు పై వరసకు ఎక్కి, కోర్టు రంగునే వెనక తెరగా చేసుకుని, కాళ్ల కింది నీడలు తీసుకోవడం మేలు.

ఇక వేగం. గంటకు 180 కిలోమీటర్ల సర్వు అంటే సెకనుకు 50 మీటర్లు. షట్టరు సెకనులో వెయ్యో వంతు తెరిచినా ఆలోపే బంతి 5 సెంటీమీటర్లు జరుగుతుంది. బంతి అడ్డుకొలతే ఆరున్నర సెంటీమీటర్లు కాబట్టి ఫొటోలో కోడిగుడ్డులా సాగుతుంది. 2000వ వంతుకు వెళ్తే గుండ్రనిదనం చాలావరకు నిలుస్తుంది. మంచి ఎండలో మామూలు జూమ్ లెన్సుతో, ఎఫ్ 5.6 దగ్గర ఐఎస్‌ఓ 400 పెట్టుకుంటే చాలు. రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద అది సాగదు. ఐఎస్‌ఓ పెంచితే గరుకు తప్పదు. అప్పుడు కదలిక తక్కువ ఉన్న క్షణాలను ఏరుకోవాలి.

అలాంటి క్షణాలు టెన్నిస్‌లో చాలా ఉన్నాయి, చూసే ఓపిక ఉంటే. సర్వు కోసం ఎగరేసిన బంతి పైకెక్కి, కిందికి దిగే ముందు ఒక్క లిప్త ఆగుతుంది. ఆ దరిదాపుల్లోనే మోకాళ్లు వంగి, ఎడమచేయి ఆకాశానికి చాచి, రాకెట్ వీపు వెనక్కి జారి, ఒళ్లంతా విల్లులా ఉంటుంది. 500వ వంతు షట్టరుకే ఆ భంగిమ దొరికిపోతుంది. దెబ్బ పడే క్షణం కావాలంటే బంతి కనిపించాక నొక్కకూడదు. కన్ను చూసి వేలికి చెప్పేలోపు అది వెళ్లిపోతుంది. భుజం తిరగడం మొదలవగానే నొక్కాలి. ప్రతి ఆటగాడికీ ఒక తంతు ఉంటుంది. జకోవిచ్ బంతిని ఎన్నిసార్లు నేలకు కొడతాడో చూసి గ్యాలరీలో జనం విసుక్కుంటారు. కెమెరా ఉన్నవాడికి అది తాళం వేసి ఇచ్చినట్టే. మొదటి రెండు గేములు కెమెరా ఒళ్లో పెట్టుకుని కేవలం చూడమని నా సలహా. వినేవాళ్లు తక్కువ.

పాయింటు అయిపోయాక కెమెరా దించి వెనక తెర చూసుకోవడం ఫొటోలు తీసే మా జాతికున్న పెద్ద జబ్బు. అసలు ఫొటో అప్పుడే మొదలవుతుంది. గెలిచినవాడు పిడికిలి బిగిస్తాడు, ఓడినవాడు తీగలను సర్దుకుంటూ నేల చూస్తాడు. పాయింటుకూ పాయింటుకూ మధ్య 25 సెకన్లు, కొసలు మారేటప్పుడు 90 సెకన్లు. ఆ వ్యవధిలో తువ్వాలు చాటు ముఖాలు, తనలో తను తిట్టుకునే పెదాలు దొరుకుతాయి. కీలకమైన పాయింటు గెలిచిన ఆటగాడు దాదాపు ఎప్పుడూ తనవాళ్లు కూర్చున్న వైపే తిరుగుతాడు. కోచ్, అమ్మానాన్నలు ఎక్కడున్నారో ముందే కనిపెట్టి ఆ పక్కన చోటు దొరికించుకుంటే ఆ చూపు మన లెన్సులోకే వస్తుంది. పెద్ద లెన్సు చేయలేని పని ఇది.

లెన్సు మాట వచ్చింది కాబట్టి: వింబుల్డన్‌లో ప్రేక్షకులకు 300 ఎంఎం దాటిన లెన్సుకు అనుమతి లేదు. చిన్న సెన్సరున్న కెమెరాలో 300 లెన్సు 450 లెన్సంత దగ్గరగా చూపిస్తుంది కాబట్టి నష్టమేమీ లేదు. ఫ్లాష్ ఎక్కడా పనికిరాదు. ఫోకస్ కుదిరినప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు ఇంటి దగ్గరే ఆపేసి రావాలి. బంతి ఎగరేసే వేళ షట్టరు టక్కుమంటే ఆటగాడు ఆగి గ్యాలరీ వంక చూస్తాడు. చుట్టుపక్కల వాళ్లందరూ మన వంక చూస్తారు. కొత్త కెమెరాల్లో చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టరు ఉంది గానీ, కొన్నింట్లో అది వేగంగా కదిలే రాకెట్‌ను అరటాకులా వంచేస్తుంది. ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటో నిండా చారలూ పడొచ్చు. మా విశాఖ లాంటి నేవీ ఊరివాళ్లకు ప్రత్యేకంగా ఇంకో మాట: దారిలో లెన్సు సంచిలోనే ఉండాలి, నేవీ గేటు దగ్గరి సెంట్రీకి మనం టెన్నిస్ అభిమానులమని తెలియదు.

ఇదంతా పెద్ద టోర్నీల కోసమే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. జకోవిచ్‌ను తీయడానికి ప్రపంచమంతా కెమెరాలున్నాయి. పనికొచ్చేది చిన్న టోర్నీల్లోనే: అఖిల భారత టెన్నిస్ సంఘం ర్యాంకింగ్ పోటీలు, అండర్-14, అండర్-16 మ్యాచ్‌లు, గ్యాలరీ లేని కోర్టులు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన మన సాకేత్ మైనేని ఫొటోలు ఆ రోజువి ఎన్నైనా దొరుకుతాయి. అలాంటి ఆటగాళ్లు పద్నాలుగేళ్లప్పుడు ఆడిన కోర్టుల్లో ప్రెస్ ఫొటోగ్రాఫరు ఉండడు. ఉంటే గింటే కంచె అవతల సొంత సరదాకు వచ్చిన ఒకడుంటాడు. అక్కడ పద్ధతి వేరు. ఇనుప కంచెకు లెన్సును ఆనించి, అపర్చరు పూర్తిగా తెరిస్తే తీగలు ఫొటోలో కరిగిపోతాయి. ఎండ పడుతున్న తీగను మాత్రం తప్పించుకోవాలి, అది పాలిపోయిన మచ్చలా మిగులుతుంది. పిల్లలను తీసేముందు తల్లిదండ్రులను అడగాలి. వద్దంటే కెమెరా మూసేయాలి, వాదన పెట్టుకోకూడదు. సరేనంటే ఆ సాయంత్రమే మంచివి ఏరి పంపాలి. ఓడి ఏడ్చిన ఫొటో ఎంత బాగున్నా నేను పంపను, ఎవరికీ చూపించను.

తీసినవి దాచుకోవడం సముద్రపు ఊళ్లో వేరే పని. ఈ తేమకు లెన్సు లోపల బూజు పడుతుంది. మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచాలి, అవి తేమ పీల్చాక మార్చాలి. ఫైలు పేరులో ఆటగాడు, ప్రత్యర్థి, రౌండు, కోర్టు, తేదీ రాయాలి. స్కోరు గుర్తుంటుందని నమ్మకూడదు. చిన్న కోర్టుల్లో అంకెలు చేత్తో తిప్పే బోర్డు ఉంటుంది. మ్యాచ్ ముగిసి చేతులు కలిపిన ఫొటో తీయగానే కెమెరాను దాని వైపు తిప్పి ఒకటి కొట్టాలి, అంకెలు మార్చేయకముందే.