క్వాంటమ్ చిత్రములు – గేట్ల లెక్క

256 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు గల నలుపు తెలుపు ఛాయాచిత్రమును 17 క్యూబిట్లలో, అనగా క్వాంటమ్ బిట్లలో, ఇమిడ్చవచ్చునని లే, డాంగ్, హిరోటాలు 2011లో ప్రకటించిన వ్యాసమును బట్టి తెలియుచున్నది. పిక్సెల్ స్థానమునకు 16 బిట్లు, ఛాయను ఒక కోణముగా తెలుపుటకు ఒకటి. వినుటకు ఆశ్చర్యముగానే ఉన్నది. కాని పెట్టె చిన్నదైనంత మాత్రాన సామాను సర్దుట సులభము కాదు! చిత్రమును నింపుటకు కావలసిన క్రియలు పిక్సెళ్ల సంఖ్య వర్గముతో పెరుగును. 65,536 వర్గము 429 కోట్లు దాటును. 2013లో వచ్చిన మరొక పద్ధతి ఛాయకు 8 బిట్లు కేటాయించి, ఆ భారము దాదాపు పిక్సెళ్ల సంఖ్యతో మాత్రమే పెరుగునట్లు తగ్గించినది.

వలయమును కుదించుటకు రెండింటిలోను చెప్పిన ఉపాయము ఒక్కటే: ఒకే ఛాయ గల పిక్సెళ్లను గుంపులు చేసి, వాని స్థానసంఖ్యలను బూలియన్ బీజగణితముతో సంక్షేపించుట. విద్యార్థులు 4×4 గళ్లు గీసి దీనిని పరీక్షింపవచ్చును. అడ్డు, నిలువు వరుసలకు 00, 01, 10, 11 అని సంఖ్యలు వేయవలెను. నియంత్రక బిట్లు కోరిన విలువలో ఉన్నప్పుడు రంగు బిట్టును తిప్పివేయునదే గేటు. కుడి సగము తెలుపైనచో, 8 తెల్లగళ్లకు నాలుగేసి నియంత్రక బిట్లు గల 8 గేట్లు కావలెను. కాని ఆ గళ్లన్నిటి నిలువు వరుస సంఖ్యలో మొదటి అంకె 1. కనుక ఒకే నియంత్రక బిట్టు గల ఒక్క గేటు చాలును. ఇంతవరకు భేషుగ్గా ఉన్నది.

ఇప్పుడు నాలుగు అంకెలలో 1లు బేసిగా ఉన్న గళ్లకు మాత్రమే తెలుపు వేయుడు. ఇవియు 8 గళ్లే. అయితే ఏ రెండింటికిని ఒక్క అంకె మాత్రమే తేడా ఉండదు, గుంపు కుదరదు, 8 పెద్ద గేట్లును మిగులును. నిజమునకు ఒక్కొక్క స్థానబిట్టు నియంత్రించు 4 చిన్న గేట్లు చాలును! ఏలయన, ఒకటి తిప్పినదానిని మరొకటి తిరిగి తిప్పును. 'లేదా' అను సంబంధమునకు ఏర్పడిన సంక్షేప పద్ధతిని, తిప్పుటయే స్వభావముగా గల గేట్లకు తగిలించుట ఇక్కడి లోపము. విపర్యయ వలయములు రూపొందించువారికి ఈ బేసి, సరి లెక్క క్రొత్తది కాదు. క్రమమే లేని చిత్రమునకు మాత్రము ఏ పద్ధతియు అక్కరకు రాదు.

2017 నాటి ఒక వ్యాసము, చిత్రమెంత పెద్దదైనను దాని అంచులను గుర్తించుటకు ఒక్క హడమార్డ్ గేటు చాలునన్నది. నిజమే. కాని చిత్రమును నింపు శ్రమ ఆ ఒకటిలో చేరలేదు. ఫలితమును చూచు శ్రమయు చేరలేదు. కొలిచినపుడు ఒక్కసారికి ఒక్క స్థానమే చేతికి వచ్చును. చిత్రమంతయు కావలెనన్న, నింపుట మొదలు అన్నియు మరల మరల చేయవలసినదే.