టావోస్ మృణ్మయ సౌధములు

అమెరికా సంయుక్తరాష్ట్రముల నైరృతి భాగమున, న్యూ మెక్సికో రాష్ట్రపు ఉత్తరపుటంచున, సాంగ్రె దె క్రిస్తో పర్వతశ్రేణి మరుభూమిలోనికి దిగివచ్చు చోట, సముద్రమట్టమునకు సుమారు 7,000 అడుగుల యెత్తున టావోస్ అను చిన్న పట్టణము కలదు. దానికి పడమట రియో గ్రాండే నది నల్లని శిలాభూమిని లోతుగా కోసికొని పారుచుండును; తూర్పున మంచు శిఖరములు ఆకాశము నానుకొనియుండును. పట్టణమునకు ఉత్తరమున, కొలది దూరములో, టావోస్ ప్యూబ్లో అను ఆదివాసుల గ్రామమున్నది. గ్రామమధ్యమున పారు సెలయేటికి ఇరుదరుల రెండు మహాగృహసముదాయములు, కొన్నియెడల ఐదంతస్తుల వరకు, మెట్లుమెట్లుగా వెనుకకు ఒదుగుచు పైకి లేచినవి. ఇవి క్రీస్తుశకము 1000కును 1450కిని నడుమ నిర్మింపబడినవని విద్వాంసుల యభిప్రాయము. 1992లో ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తింపు పొందిన ఈ సౌధములకు ఆధారము శిల గాదు, ఇనుము గాదు. మన్ను, నీరు, గడ్డి, కలప.

వానకు కరగి, గాలికి రాలి, మంచుకు పగులు స్వభావము గల మన్ను ఇన్ని శతాబ్దములు ఎట్లు నిలిచినదన్న ప్రశ్న చూడవచ్చిన ప్రతి యాత్రికుని మనసునను పొడముట సహజము. ఇది ఒకమారు కట్టి విడిచిన కట్టడము గాదు. ఏటేట, తరతరమున, గ్రామస్థుల చేతులలో మరల మరల కట్టబడుచున్న కట్టడము. ద్రవ్యమున లేని స్థైర్యమును మనుష్యుల శ్రద్ధ సమకూర్చుచున్నది. ఆ శ్రద్ధకు ఒక శాస్త్రమున్నది. దానిని తెలిసికొననిదే టావోస్‌ను చూచినను చూడనట్లే.

ఈ విద్య మన్నును ఎన్నుకొనుటతో ఆరంభమగును. జిగట మిక్కుటమైన మన్ను ఆరునపుడు బీటలు వారును. ఇసుక మిక్కుటమైనది చేతిలోనే రాలిపోవును. అందుచేత అనుభవజ్ఞులు మన్నును తడిపి, పిడికిట బిగించి, వ్రేళ్ల నడుమ నులిమి, దాని గుణమును గ్రహించి, కొరతపడినదానిని చేర్చి, తుంపిన గడ్డి కలిపి, అడుసు పదునుకు వచ్చువరకు త్రొక్కుదురు. గడ్డి వలన లోపలి తేమ సమముగా వెలికివచ్చి, ఇటుక పగులక ఆరును. స్పెయిను దేశీయులు రాకపూర్వము ఈ ప్రజలు అచ్చుల నెరుగరు; అడుసును చేతులతో వరుసగా పెట్టి, ఒక వరుస ఆరిన పిదప దానిపై మరియొకటి పెట్టుచు గోడను లేపెడివారు. చెక్క అచ్చును, గోధుమగడ్డిని స్పానియార్డులు తెచ్చిరి. నేడు ఆ ప్రాంతమున సామాన్యముగా పోయు పచ్చియిటుక 14 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు, 4 అంగుళముల మందము కలిగి, దాదాపు 30 పౌండ్లు తూగును. దానిని ఎండబెట్టి, గట్టిపడిన పిదప అంచుపై నిలిపి, అన్ని ప్రక్కల ఆరిన తరువాత, అదే అడుసును నడుమ పరచి పేర్చుదురు. ఇటుకకును, దాని నతుకు అడుసునకును, పైపూతకును ద్రవ్యమొక్కటే యగుటచే, తడిసినను ఆరినను అవి యన్నియు ఒక్కతీరుగ వ్యాకోచ సంకోచములు పొందును. ఒకదాని నొకటి చీల్చుకొనవు.

అడుగుల కొలది మందము గల ఈ గోడలు పగటి యెండను మెల్లమెల్లగ గ్రహించి, ఆ వేడిమి లోపలికి చేరునప్పటికి రాత్రి యగునట్లు చేయును. పగటికిని రాత్రికిని ఉష్ణమున మహాంతరము గల ఆ యెత్తుప్రదేశమున ఇంతకంటె అనువైన గోడ లేదు. కప్పునకు కొండయడవుల నుండి తెచ్చిన సరళవృక్షముల దూలములను గోడపై నుంచి, వాని కొనలు వెలుపలికి పొడుచుకొనియుండ, పైన సన్నని వాసములను దగ్గరదగ్గరగ పరచి, దట్టముగ మన్ను కొట్టుదురు. దూలములపై దంతెలు పరచి చవుడు పోసిన రాయలసీమ మట్టిమిద్దె నెరిగిన తెలుగువానికి ఈ కప్పును వేరుగ వివరింప నక్కరలేదు. కప్పుపై పడిన నీరు గోడ వెంబడి జారకుండ చెక్కదోనెలు దూరముగ విడుచును. పూర్వము క్రిందియంతస్తునకు వాకిళ్లుండెడివి గావు. నిచ్చెనతో పైకెక్కి, కప్పులోని రంధ్రము గుండ లోనికి దిగెడివారు. శత్రువు వచ్చినపుడు నిచ్చెనను లాగికొన్నచో ఇల్లే కోట యయ్యెడిది.

అయినను ఈ విద్యకు ప్రాణము పైపూత. వానయు మంచును కరగించునది ఆ పూతనే గాని గోడను గాదు. పూత తాను నశించుచు గోడను కాపాడును. కావున అది నశించుట లోపము గాదు, దాని ధర్మమే. కరిగినంత మేర మరల మెత్తినచో గోడకు ముదిమి లేదు. న్యూ మెక్సికోలో ఈ పని అనాదిగ స్త్రీల చేతులలో నున్నది. వారు అడుసును అరచేతితో గోడకు విసరి, అదిమి, విల్లువలె చేయి త్రిప్పుచు మెత్తుదురు. లోపలి గోడలకు తెల్లమట్టి పల్చగ పూసి, గొఱ్ఱెతోలుతో నునుపు చేయుదురు. అభ్రకపు రేణువులున్న మట్టి పూసిన గదిలో గోడ సన్నగ తళుకులీనును.

ఈ సత్యమును విస్మరించిన ఫలమెట్టిదో పట్టణమునకు దక్షిణమున, రాంచోస్ దె టావోస్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ దేవాలయము నేర్పినది. 1816 నాటికి పూర్తియైన ఆ మట్టికోవెల వెనుకభాగమును, దాని బ్రహ్మాండమైన ఊతగోడలను జార్జియా ఓకీఫ్ చిత్రించినది, ఆన్సెల్ ఆడమ్స్ ఛాయాచిత్రములు తీసినాడు. ఏటేట మెత్తు శ్రమ తప్పునన్న యాశతో 1967లో దానికి సిమెంటు పూసిరి. సిమెంటు పెంకునకు సన్నని బీటలు వారెను. వాని గుండ లోనికి చేరిన నీరు వెలికి రాలేక గోడలోని ఇటుకను రహస్యముగ మెత్తబరచెను. వెలుపల దృఢముగ కనబడుచుండగనే లోపల గోడ క్షయించెను. 1979లో ఆ పెంకును ఒలిచివేసి, గ్రామజనము మరల మట్టిపూతకే మరలిరి. నాటినుండి ప్రతి వేసవియు కోవెల చుట్టు పరంజాలు లేచును. వృద్ధులును బాలురును కలిసి అడుసు కలిపి మెత్తుదురు. శ్రమను తప్పింపదలచిన ఉపాయము కట్టడమునకే ముప్పు తెచ్చుటయు, శ్రమకు మరలుట దానిని బ్రతికించుటయు, ఈ సంప్రదాయపు విలువకు ఇంతకంటె స్పష్టమైన ప్రమాణమేమి కావలెను?

ప్యూబ్లో ప్రజలు తమ గోడలను మాత్రమే గాక తమ స్వాతంత్ర్యమునుగూడ ఇట్లే నిలుపుకొనిరి. 1680లో పోపే అను నాయకుడు ఈ గ్రామమున నుండియే స్పానిష్ ప్రభుత్వముపై తిరుగుబాటును నడపెను. తిరుగుబాటు దినమును తెలుపు ముడులు వేసిన త్రాళ్లను వార్తాహరులు గ్రామగ్రామమునకు కొనిపోయిరి. పండ్రెండేండ్లు ఆ సీమ పరపాలన నుండి విముక్తమయ్యెను. 1847లో అమెరికా సైన్యము కూల్చిన పాతదేవాలయపు గంటగోపురము నేటికిని శ్మశానవాటిక నడుమ మొండిగ నిలిచియున్నది. వారి సెలయేటికి జన్మస్థానమైన నీలసరస్సును, అది తమకు పవిత్రతీర్థమైనను, ప్రభుత్వము 1906లో జాతీయారణ్యమున కలుపుకొనెను. పరిహారముగ ధన మిచ్చెదమన్నను వారు స్వీకరింపలేదు. అరువది నాలుగేండ్లు పోరాడి, 1970లో 48,000 ఎకరముల భూమిని మరల పొందిరి. దూలమునకు కలప నిచ్చు అడవి, అడుసునకు నీటి నిచ్చు సరస్సు తమవి గానిచో ఇల్లు మాత్రము తమదెట్లగును?

ఇచటికి వచ్చిన యాత్రికులు ఎవరికి కావలసినదానిని వారు వెదకిరి. స్పానిష్ సేనాని కొరొనాడో సైనికులు 1540 ప్రాంతమున స్వర్ణనగరములను వెదకుచు వచ్చిరి. 1898లో బండిచక్రము విరిగి ఆగిన చిత్రకారులు ఇచటి వెలుతురునకు వశులైరి. 1925లో వచ్చిన మనస్తత్త్వవేత్త యూంగ్‌తో ఒక పెద్ద, తమ జనము తమ యనుష్ఠానములచే సూర్యునికి ఆకాశమును దాటుటలో నిత్యము తోడ్పడుచున్నదని చెప్పెను. గోడను ఏటేట మెత్తువాడు లోకముగూడ మనుష్యుని సేవచేతనే నిలుచునని నమ్ముటలో ఆశ్చర్యమేమున్నది?

నేటి యాత్రికుడు ప్రవేశరుసుము చెల్లించి, గుమ్మటాకారపు పొయ్యిలలో నిప్పులు ఊడ్చివేసి కాల్చిన రొట్టెను రుచిచూచి, అంగడులలో అభ్రకపు మెరుపుగల కుండలను కొనవచ్చును. కాని అనుమతి లేక ఎవరి ఛాయాచిత్రమును తీయరాదు. అంగడిగ గుర్తింపని వాకిట అడుగిడరాదు. సెలయేటిలో పాదము మోపరాదు, అది వారి త్రాగునీరు. ఉత్సవదినములలో కెమెరాలు నిషిద్ధములు; శీతకాలాంతమున కొన్ని వారములు గ్రామద్వారమే మూయుదురు. పాతగ్రామపు ప్రాకారములోపల విద్యుత్తు లేదు, కొళాయి లేదు. తమ మాతృభాషయైన టీవాను వారు లిపికి అప్పగింపరు. ఈ నియమములను కొందరు కాఠిన్య మనుకొందురు. వాస్తవమున ఇవి ప్రదర్శనశాలకును నివాసమునకును గల భేదమును మనకు తెలుపు మర్యాదలు.

ఒక కట్టడమును అద్దపుపెట్టెలో నుంచి కాపాడుట యొకటి, దానిలో కాపురముండి కాపాడుట మరియొకటి. మొదటిదానికి ధనము చాలును. రెండవదానికి అడుసు త్రొక్కు పాదములును, మన్ను పదునెరిగిన వ్రేళ్లును, వానిని చూచి నేర్చుకొను బిడ్డలును కావలెను. మన పల్లెలలో చవుడుమిద్దె వేయనెరిగిన వృద్ధు లింకను ఉన్న తావులలో, వారిని పేదరికపు గుర్తులుగా గాక విద్యావంతులుగా గౌరవించి, వారి చేతిపనిని నేర్చుకొనుట మన విధి. టావోస్ ప్రజలు తమ పెద్దల విషయమున అట్లు చేసిరి గనుకనే వారి ఇండ్లు నిలిచినవి.