బురదకో రూపం, గట్టుకో రూపం

మెత్తటి రోబో అంటే ఎముకల్లేని యంత్రం. ఇనప చట్రం, గేర్లు, కీళ్లు ఉండాల్సిన చోట సిలికాన్ రబ్బరు, గుడ్డ, పలుచటి ప్లాస్టిక్ గొట్టాలు ఉంటాయి. లోపలి గదుల్లోకి గాలి పంపితే ఒళ్లు ఉబ్బుతుంది, తీసేస్తే ముడుచుకుంటుంది. ఒక పక్క సాగి, రెండో పక్క సాగకపోతే వంగుతుంది. నడకైనా పాకుడైనా ఈతైనా ఈ మూడింటి కలయికే. ఎదురైన నేలను బట్టి తన ఆకారాన్నే మార్చుకోగలగడం ఈ రకం యంత్రానికి అసలు విద్య.

కృష్ణా డెల్టాలో ఆ విద్య అవసరమేమిటో దమ్ము రోజుల్లో బాగా తెలుస్తుంది. చేలో దిగడానికి ట్రాక్టరుకు ఇనప కేజ్‌వీల్స్ బిగిస్తారు. అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు చిత్తవుతుంది. చేనుకో చక్రం, రోడ్డుకో చక్రం తప్పదు. పైగా ఇక్కడి నల్లరేగడి వేసవిలో నెర్రెలు తీస్తుంది, నీళ్లు పడితే ఉబ్బి జిగటవుతుంది. ఏడాది తిరక్కుండానే ఒకే చేను రెండు నేలలవుతుంది. నాగాయలంక దాటి మడ అడవుల్లోకి వెళితే అంత గడువు కూడా ఉండదు. ఆటుపోట్లకు పూటకోసారి నేల నీళ్లలో మునిగి, మళ్లీ తేలుతుంది.

ఇలాంటి చోట ఒకే యంత్రం రెండు ఒళ్లతో బతకగలదా? అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రెబెకా క్రేమర్-బొటిగ్లియో బృందం, ఇతర విశ్వవిద్యాలయాల పరిశోధకులతో కలిసి 2021లో ప్రచురించిన పని ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది. వాళ్ల రోబో చదును నేల మీద ఉబ్బి గుండ్రంగా దొర్లుతుంది. దొర్లడం కుదరని ఎగుడు వాలు వస్తే గాలి వదిలి పలకలా మారి, గొంగళిపురుగులా పాకుతుంది. ఏ నేలకు ఏ రూపం, ఏ నడక మేలో ముందుగా కంప్యూటర్లో వేల పోటీలు పెట్టి ఏరుకున్నారు. అదే ప్రయోగశాల 2022లో ఉభయచర తాబేలు రోబోను చూపింది. వేడికి మెత్తబడి, చల్లారితే బిగుసుకునే పదార్థంతో చేసిన దాని అవయవాలు ఒడ్డున కాళ్లు, నీళ్లలో తెడ్లు.

తయారీలో గొప్ప రహస్యమేమీ లేదు, ఓపికే కావాలి. త్రీడీ ప్రింటర్‌తో అచ్చు తీస్తారు. సిలికాన్ రెండు డబ్బాల్లో వస్తుంది. ఈ పనికి ఎక్కువగా వాడే రకాన్ని చెరి సగం కలిపాక ముప్పావు గంటలోపే పోసేయాలి, ఆపైన చిక్కబడిపోతుంది. కలిపేటప్పుడు చేరిన గాలి బుడగలు లాగేయడానికి గిన్నెను శూన్యపు పెట్టెలో ఉంచితే మిశ్రమం నురుగెత్తి పొంగి, మళ్లీ కిందికి దిగుతుంది. ఆ పొంగు దిగేదాకా ఆగని చేతికి మంచి రోబో దక్కదు. నాలుగు గంటల్లో గట్టిపడ్డాక అడుగున సాగని గుడ్డో కాగితమో కలిపిన పొర అంటిస్తారు. వంపు ఈ పొర వల్లే వస్తుంది. ఒక గది గోడ పక్క గది గోడకన్నా కాస్త పలచనైనా గాలంతా అటే పోయి, అక్కడే బుడగలా ఉబ్బి, చివరకు చీలుతుంది. అతుకు దగ్గర సన్నటి కారుడు ఉంటే నీళ్లలో ముంచినప్పుడు గానీ బయటపడదు.

గదులు ఎక్కడ పెట్టాలన్నది ఇంకా పెద్ద చిక్కు. కంది ప్రాంగణంలోని ఐఐటీ హైదరాబాద్‌లో ప్రభాత్ కుమార్ పని ఈ ముడి మీదే. గాలి ఒత్తిడి పడేది గోడ మీద. కానీ మంచి ఆకారం కోసం కంప్యూటర్ వెతికే కొద్దీ ఆ గోడే జరిగిపోతుంటుంది, దాంతో ఒత్తిడి పడే చోటూ మారుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఆయన, సహ పరిశోధకులు వాడింది డార్సీ సూత్రం. ఇసుక పొరల్లోంచి నీరు ఎలా ఊరుతుందో చెబుతూ ఫ్రాన్స్ ఇంజినీరు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించిన సూత్రమిది. బెజవాడ దగ్గర కృష్ణ మీద పాత ఆనకట్ట పూర్తయింది అంతకు ముందు ఏడాదే. కట్ట కింద ఊట లెక్కకు సివిల్ విద్యార్థులు ఇప్పటికీ వల్లించే సూత్రం రబ్బరు రోబోకు కడుపు గీయడానికి అక్కరకు రావడం ముచ్చటైన విషయం. గణితం శాఖలు చూసుకోదు.

ఇక కృష్ణ ఒడ్డున ఇలాంటి యంత్రం నిజంగా దేనికి పనికొస్తుంది? ఈమధ్య జరిగిన రెండు సంఘటనలు చూడండి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కొట్టుకొచ్చిన ఇనప పడవలు గేట్లను ఢీకొని, కౌంటర్ వెయిట్లను దెబ్బతీసి అక్కడే ఇరుక్కున్నాయి. వాటిని కోయడానికి గజ ఈతగాళ్లు బురద నీళ్లలోకి దిగాల్సి వచ్చింది. అదే వరదలో బుడమేరు వాగు ముంచిన బెజవాడ కాలనీలకు డ్రోన్లు అన్నం పొట్లాలు చేరవేశాయి. అంటే యంత్రం మిద్దె మీదికి వెళ్లగలిగింది, నీటి అడుగుకు మనిషే వెళ్లాడు. ఇక 2025 ఫిబ్రవరి 22న, కృష్ణ నీళ్ల కోసమే శ్రీశైలం ఎడమ గట్టున తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం దోమలపెంట వైపు దాదాపు 14 కిలోమీటర్ల లోపల కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. నీరు, బురద, ముక్కలైన బోరింగ్ యంత్రం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. హైదరాబాద్ నుంచి తెచ్చిన రోబోలు బురద తోడే పనికి దిగాయి. అవి గట్టి యంత్రాలే.

సందుల్లోకి చొరబడటానికి మెత్తటి రకంలో ఇప్పటికి నమ్మదగ్గది తీగ రోబో. స్టాన్‌ఫర్డ్‌లో ఎలియట్ హాక్స్, అలిసన్ ఒకమురా తదితరులు దీన్ని 2017లో చూపించారు. దిండు గలీబును లోపలినుంచి తిరగేసినట్టు, పలుచటి పాలిథిన్ గొట్టం గాలి ఒత్తిడికి కొసనుంచి బయటికి తిరగబడుతూ పెరుగుతుంది. పక్క గోడలు కదలవు, కొస ఒక్కటే ముందుకు పోతుంది. అందుకే జిగురు మీదా మేకుల మీదా ఆగదు. పరీక్షలో 72 మీటర్ల దాకా పెరిగింది. సొరంగం పొడవుకు ఇదొక లెక్క కాదు గానీ, మనుషులు వెళ్లగలిగిన చివరి చోటునుంచి శిథిలాల సందులోకి కెమెరా, గాలి గొట్టం పంపడానికి సరిపోయే కొలతే. ప్రవాహంలో మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకూడదు. బ్యారేజీ గేటు దగ్గరి వడి ముందు గాలి నింపిన గొట్టం నిలవదు.

లోతులో కథ వేరు. చైనా పరిశోధకులు మరియానా అగాధంలో, 10,900 మీటర్ల దగ్గర, మెత్తటి చేప రోబోను ఆడించి, ఆ ఫలితాన్ని 2021లో ప్రచురించారు. ఇనప కవచం లేకుండా, ఎలక్ట్రానిక్ భాగాలను విడదీసి సిలికాన్‌లో పొదిగారు. ఒత్తిడి అన్నివైపులా సమంగా పడితే మెత్తటి ఒంటికి బాధ లేదు.

పంపు, బ్యాటరీ, వాల్వులు మాత్రం ఇంకా గట్టివే. చాలా రోబోలు గోడకున్న గొట్టానికి కట్టేసే ఉంటాయి. హార్వర్డ్‌వాళ్లు 2016లో చేసిన ఆక్టోబాట్ హైడ్రోజన్ పెరాక్సైడ్ విచ్ఛిన్నమై వెలువడే వాయువుతోనే, బ్యాటరీ లేకుండా కదిలింది. కదిలింది నిమిషాల లెక్కలోనే. మడ అడవిలో ఒక పోటు నుంచి మరో పోటు దాకా పనిచేయాలంటే అది చాలదు.

అక్కడే తప్పిపోయిన రోబో సంగతీ ఉంది. సిలికాన్ మట్టిలో కలవదు, పీతల మధ్య ఏళ్ల తరబడి పడి ఉంటుంది. ఆస్ట్రియాలోని లింజ్‌లో జెలటిన్, గ్లిసరాల్, సిట్రిక్ యాసిడ్ కలిపి సాగే జెల్ తయారుచేశారు. వేడిచేసి కరిగించి మళ్లీ పోయొచ్చు, పారేస్తే కుళ్లిపోతుంది. జెలటిన్‌కు తడి తగిలితే ఉబ్బే గుణం ఉంది కాబట్టి, ఉప్పు నీళ్లలో పని ఇచ్చేటప్పుడు దానికి పైపూత కూడా వెతకాలి.