చేటలో చెయ్యి

ఆమె ముందు బుట్ట దించేది. నెత్తి మీది చుట్టకుదురు తీసి పక్కన పెట్టి, వేపచెట్టు కింద నేలను కాలితో ఒకసారి తడిమి చూసి, చప్పుడు కాకుండా దించేది. బుట్ట మీద చేట. చేటలో బియ్యం ఇంటావిడే తెచ్చి పోయాలి, తాను పోసేది కాదు. బియ్యం మీద తమలపాకులు, వక్కలు. పక్కన గవ్వలు పొదిగిన చిన్న తట్ట. కుడిచేతిలో పట్టు దగ్గర నున్నగా అరిగిన కర్ర. అన్నీ కుదిరాయని తనకు అనిపించేదాకా ఎవరు తొందరపెట్టినా వినేది కాదు. అప్పుడు అనేది: "చెయ్యి పెట్టు తల్లీ."

నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే వైపు మా అమ్మమ్మవాళ్ల ఊరు. చుట్టూ తోటలే. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, గట్ల వెంట కలెక్టరు మామిడి చెట్లు. మాఘమాసంలో తోటలన్నీ పూత మీద ఉండగా ఎరుకలసాని వచ్చేది. అప్పటికి మా ఊరు కృష్ణా జిల్లా. 2022లో జిల్లాలు మారాక ఏలూరు జిల్లాలో చేరింది. ఆమె సోది చెప్పడం చిన్నప్పుడు నాలుగైదుసార్లు దగ్గరగా కూర్చుని చూశాను. అప్పుడు భయంతో చూశాను. పెద్దయ్యాక మాట, రాత నా పనులయ్యాయి. అదే దృశ్యాన్ని తలచుకుంటే ఇప్పుడు కలిగేది గౌరవం. రేపు జరగబోయేది బియ్యపుగింజల్లో కనబడుతుందని నేను నమ్మను. ఆమె చేసిన పనిలో ఒక్క కదలికా దండగ కాదని మాత్రం నమ్ముతాను.

ఎరుక అంటే తెలిసి ఉండటం. ఆ మాటే ఒక జాతి పేరుతో కలిసిపోయింది. మరోవైపు సోది అన్న మాటకు ఇవాళ పట్టిన గతి చూడండి. ఎవరైనా పనికిమాలిన మాటలు సాగదీస్తుంటే "సోది ఆపు" అంటున్నాం. అసలు సోది విన్నవాళ్లకు ఈ వాడుక ఎంత అన్యాయమో తెలుస్తుంది. అందులో సాగతీత ఉండదు. సోదమ్మ నోట ప్రతి మాటా ఒక చేతిని తాకి వెనక్కి వస్తుంది.

ఈ సామాను గురించి పాత రాత ఒకటి ఉంది. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు వెలువరించారు. అందులో మూడో సంపుటంలో, ఎరుకలవాళ్లకే మరో పేరైన కొరవల గురించి రాస్తూ, ఎరుక చెప్పే స్త్రీ పనిముట్లను వరసగా చెప్పారు: బుట్ట, చేట, కర్ర, ఇంకా ఆవుపేడ, పసుపు కలిపిన ముద్దలో గవ్వలు పొదిగిన అల్లిక తట్ట. బుట్ట కొల్లాపురమ్మ. గవ్వలు పోలేరమ్మ. నేను చూసిన దానికీ ఆ రాతకూ ఎన్ని దశాబ్దాల దూరమో. అయినా సామాను మారలేదు, పేర్చే వరసా మారలేదు.

బుట్ట దేవత కావడం నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేస్తుంది. ఈ జాతిలో చేసే పనిని బట్టి తెగలకు పేర్లు వచ్చాయి. వెదురు దబ్బలు చీల్చి అల్లేవాళ్లు దబ్బ ఎరుకల, ఈతపుల్లలతో అల్లేవాళ్లు ఈతపుల్లల ఎరుకల, నేతగాళ్లకు కుంచెలు కట్టేవాళ్లు కుంచె ఎరుకల, ఎడ్ల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు ఉప్పు ఎరుకల, కరివేపాకు అమ్మేవాళ్లు కరివేపాకు ఎరుకల. తన చేత్తోనో తనవాళ్ల చేత్తోనో అల్లుకున్న వస్తువునే అమ్మవారిగా కూర్చోబెట్టి, ఆ అమ్మవారి మీదే చేట ఆనించి పని మొదలుపెట్టడం. పనిముట్టుకూ దైవానికీ మధ్య ఇంత తక్కువ దూరం ఉన్న వృత్తులు ఎన్నున్నాయి? గవ్వల తట్ట కూడా చూడటానికి చిన్నదే గానీ పని తెలిసినవాళ్లు చేసిందని ఇట్టే తెలిసేది. పేడ, పసుపు ముద్ద తడిగా ఉండగా గవ్వలు అద్ది ఆరనిస్తే, ఆరినకొద్దీ ముద్ద గవ్వల్ని బిగించి పట్టుకుంటుంది. ఊళ్లు తిరిగే మనిషి బుట్టలో ఎంత కుదిపినా ఊడని అమ్మవారు కావాలి కదా.

ఇక్కడొక విషయం గమనించాలి. ఆ గవ్వలు కదలవు. జోస్యం అనగానే మనకు ఏదో ఒకటి విసరడం గుర్తొస్తుంది. పాచికలు దొర్లుతాయి, గవ్వలు బోర్లా పడతాయి, వెల్లకిలా పడతాయి. ఉత్తర ఐరోపాలో అయితే చెక్కముక్కలు విసిరేవారు. రోమన్ రచయిత టాసిటస్ క్రీ.శ. 98లో రాసిన 'జర్మేనియా' పదో అధ్యాయంలో ఆ పద్ధతి వివరంగా చెప్పాడు. కాయలు కాసే చెట్టు కొమ్మ నరికి, చిన్న ముక్కలు చేసి, వాటి మీద గుర్తులు పెట్టి, తెల్లగుడ్డ మీద ఎలా పడితే అలా చల్లేవారట. ఊరి సంగతైతే పూజారి, ఇంటి సంగతైతే ఇంటి యజమాని, దేవతలను తలచుకుని ఆకాశం వైపు చూస్తూ ఒక్కొక్కటిగా మూడు ముక్కలు ఏరి, గుర్తుల్ని బట్టి అర్థం చెప్పేవాడు. కాసే చెట్టే కావాలి. మామిడితోటల మధ్య పెరిగినవాడిగా ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

టాసిటస్ చెప్పిన గుర్తులు ఉత్తర ఐరోపా పాత లిపి అయిన రూన్ అక్షరాలేనని తేల్చి చెప్పడానికి ఆధారం లేదు. అయితే ఆ తర్వాతి శతాబ్దాల్లో ఆ ప్రాంతాల వాళ్లు చెక్కిన రూన్‌ల పాత వరసలో 24 అక్షరాలున్నాయి, ఒక్కోదానికీ ఒక పేరుంది. మొదటిది ఫెహు, అంటే పశువులు, సంపద. మన పశువు అన్న మాటా అదే పాత వేరు నుంచి వచ్చింది. హగలజ్ వడగళ్లు. యేరా ఏడాది, మంచి పంట. రూన్ అన్న మాటకే రహస్యమని అర్థం. ఇప్పుడు దేశదేశాల్లో సంచిలో రాళ్లు వేసుకుని చెప్పే రూన్ జోస్యం చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టుకున్నది. అందులో ఏ గుర్తూ లేని ఖాళీ రాయి రాల్ఫ్ బ్లమ్ 1982లో తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చింది. పద్ధతి కొత్తదైనా ఆ పేర్లలో బలం ఉంది. వడగళ్లూ పంటా పక్కపక్కన పడితే దాని భావం నూజివీడు రైతుకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

రూన్‌లలో చెప్పేది గుర్తు. మనిషి దాన్ని తన బతుక్కి అన్వయించుకుంటాడు. చేటలోని బియ్యానికి గుర్తులు లేవు. గవ్వలు పాతుకుని ఉన్నాయి. మరి కదిలేది ఏమిటి? అడిగిన మనిషి చెయ్యి. సోదమ్మ ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని బియ్యం మీద మెల్లగా తిప్పుతుంది. ఆమె విసిరే పాచిక అదే. ఆమె చదివే గుర్తూ అదే.

బియ్యం ఎంచుకోవడంలోని తెలివి ఇక్కడ తెలుస్తుంది. బియ్యం చేతికింద స్థిరంగా ఉండదు. వేళ్లు బిగిస్తే గింజలు పక్కకు జారి పళ్లెంలా గుంట పడుతుంది. చెయ్యి తేలిగ్గా ఉంటే పైపొర మాత్రమే కదులుతుంది. వణికితే గింజలు సన్నగా గలగలమంటాయి. వెదురు చేట ఆ చప్పుడును ఇంకాస్త పెంచుతుంది. ఒట్టి నేల మీదో, చాప మీదో చెయ్యి పెట్టిస్తే ఇవేవీ దొరకవు.

చెయ్యి కుదురుకోవడానికి కాసేపు పడుతుంది. ఆ వ్యవధిని ఆమె దేవతల పేర్లతో నింపుతుంది. కాశీ విశాలాక్షి, మధుర మీనాక్షి, కంచి కామాక్షి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ, బెజవాడ కనకదుర్గ, చివరికి మా ఆగిరిపల్లి శోభనాచలస్వామి. దూరం నుంచి దగ్గరికి. కాశీలో మొదలైన పాట మన గడప ముందుకు వచ్చి ఆగేసరికి వింటున్నవాళ్ల ఊపిరి ఆమె లయలోకి వచ్చేస్తుంది. గొంతు పెద్దదేమీ కాదు, ముక్కుతో కొంచెం దీర్ఘం తీసే గొంతు. ఆ పేర్లన్నీ పలికే హక్కు ఆమెకు నడక వల్ల వచ్చింది. ఉప్పు ఎడ్లతో ఊళ్లు దాటిన వాళ్ల పిల్ల ఆమె.

ఆ నడకనే ఒకప్పుడు నేరం చేశారు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశాక ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టి హాజరు పట్టీల్లో పేర్లు ఎక్కించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికింద సెటిల్‌మెంటు పెట్టి కొందరిని అక్కడ ఉంచారు. స్వాతంత్య్రం వచ్చాక, 1952లో గాని ఆ చట్టం దేశమంతటా రద్దు కాలేదు. ఊరు దాటితే అనుమానించే కాలాన్ని దాటుకుని ఒక ఆడమనిషి నెత్తిన బుట్టతో పరాయి ఊళ్లో, పరాయి వాకిట్లో నిలబడి, ఇంటి ఇల్లాలి చేత తన ముందు చెయ్యి పెట్టించుకోగలిగిందంటే ఆ నమ్మకం ఎంత కష్టపడి సంపాదించినదో ఆలోచించాలి.

ఇక కర్ర. పాట సాగుతుండగా కర్ర కొస వచ్చి చేతిని అప్పుడప్పుడు తాకుతుంది. ఒకే బలంతో తాకదు, ఒకే చోట తాకదు. ఒక మాట అనేముందు ఒకసారి, అన్నాక ఒకసారి. అడిగేదీ అదే, విన్నానని చెప్పేదీ అదే. వైద్యుడు నాడి పట్టుకుని కళ్లు మూసుకున్నట్టు, ఆమె కర్ర ఆనించి క్షణం ఆగేది. చూపు మాత్రం చేతి మీద ఉండేది కాదు, గవ్వల మీద ఉండేది. తనను చూడటం లేదు, అమ్మవారిని చూస్తోంది అనుకున్న మనిషి ముఖం దాచుకోదు. అంత చిన్న సంగతి కూడా ఆమె వదిలిపెట్టలేదు.

ఆమె వాక్యాల కట్టుబడి గురించి ఎంతసేపైనా చెప్పగలను. కర్త ఉండదు, కాలం ఉండదు. "ఒక మాట ఉంది." ఎవరిది? "తూర్పున ఉంది." ఏమిటి? "నమ్మినచోట నిలబడింది." ఏది? తెలుగు వాక్యంలో కర్తను చెప్పకుండా ఎంతదూరమైనా పోవచ్చు. ఆ వెసులుబాటును ఇంత నిపుణంగా వాడుకున్నవాళ్లను నేను పుస్తకాల్లో కూడా ఎక్కువమందిని చూడలేదు. ఖాళీ వదిలిన చోట వినేవాళ్లు తమ మనిషిని తామే కూర్చోబెట్టుకుంటారు. అలా కూర్చోబెట్టుకున్న క్షణాన చెయ్యి ఆ సంగతి చెబుతుంది. తర్వాతి వాక్యం ఆ చేతిని బట్టి వస్తుంది.

మన కథలు ఈ విద్యను చిన్నచూపు చూడలేదు. యక్షగానాల్లో ఎరుక చెప్పే కొరవంజి ఒక పాత్ర మాత్రమే కాదు, ఒక ప్రక్రియకే పేరయింది. వేంకటాచల మాహాత్మ్యంలో పద్మావతి దిగులుతో మంచం పట్టినప్పుడు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషంలో నారాయణవనం వెళ్లి, ఆకాశరాజు భార్య ధరణీదేవికి సోది చెబుతాడు. దేవుడు తన పెళ్లి మాట తాను నేరుగా కబురు చేసుకోవచ్చు. అలా కాకుండా బుట్ట ఎత్తుకున్నాడు. కూతురు తల్లికి చెప్పలేకపోయిన మాటను వాకిట్లోకి తేవడానికి ఆ వేషమే తగినదని ఆ కథ కట్టినవాళ్లకు తెలుసు.

మా ఇంట్లో నేను చూసినవాటిలో ఒకటి బాగా గుర్తు. తాతయ్య పోయిన మరుసటి ఏడు. తోట పూత విరగబూసింది. మామిడి పూతను చూసి మురిసిపోవడానికి వీల్లేదు. నూటికి ఒక్క పువ్వు కూడా కాయగా నిలవదు. మంచు పట్టినా, తేనెమంచు పురుగు పడి ఆకులు జిగురెక్కినా పూత మాడిపోతుంది. అందుకే కొందరు తోటను పూత మీదే గుత్తకు ఇచ్చేస్తారు, కొందరు పిందె పడేదాకా ఆగుతారు. పూత మీద ఇస్తే ధర తక్కువ, గుండెదడ కొనేవాడిది. ఆగితే ధర ఎక్కువ, దడ మనది. బేరగాడు రెండుసార్లు వచ్చి వెళ్లాడు. ఆగుదామని మామయ్య. అమ్మమ్మ ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం చేటలో చెయ్యి పెట్టి తోట సంగతి అడిగింది.

సోదమ్మ పాట అయ్యాక కర్ర ఆనించింది. "రెండు మాటల మధ్య నిలబడ్డావు తల్లీ." అమ్మమ్మ చెయ్యి కదల్లేదు. "డబ్బు మాట ఉంది." కదల్లేదు. "పోయినాయన మాట ఉంది." అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది, చెయ్యి మాత్రం అలాగే ఉంది. నేనైతే అక్కడ ఆగిపోయేవాణ్ని, కన్నీళ్లు చూసి అదే సంగతి అనుకునేవాణ్ని. ఆమె ఆగలేదు. కర్ర ఎత్తి అరచేతి పక్కకు తెచ్చి, గొంతు బాగా తగ్గించి అంది: "ఒక ఆడపిల్ల మాట ఉంది. గడప దాటలేదు."

అమ్మమ్మ వేళ్లు బియ్యాన్ని గుప్పిట పట్టుకున్నాయి.

కర్ర ఆగింది. గవ్వల మీంచి చూపు ఎత్తకుండానే సోదమ్మ అంది: "అది గడప దాటితే గాని తోట మాట తేలదు తల్లీ. నీ చెట్టు మోయగలిగినన్ని నిలుపుకుంటుంది. మోయలేనివి రాల్చుకుంటుంది. నువ్వే అన్నీ మోస్తున్నావు."

పిన్నికి గుడివాడ వైపు నుంచి సంబంధం వచ్చిందనీ, వాళ్లు ఉగాదిలోపు మాట ఇమ్మన్నారనీ, మామయ్యకు ఇంకా చెప్పలేదనీ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు నేను చూసింది చెయ్యి మాత్రమే. సోదమ్మ చూసిందీ అదే.

ఆమె బియ్యం కొంగులోకి వంపుకుని, తమలపాకులు బొడ్లో దోపుకుని, గవ్వల తట్టను గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టుకుంది. చుట్టకుదురు సర్దుకుని, నాచేత పట్టించుకుని బుట్ట ఎత్తుకుంది. నేననుకున్నదానికంటే బరువుగా ఉంది. ఆమె వీధి మలుపు తిరగకముందే అమ్మమ్మ మామయ్యను కేకేసింది. ఇద్దరూ తోటవైపు నడిచారు. నేను వెనక పరిగెత్తబోతే రావద్దని చెయ్యి ఊపింది.